కాలిన కొండ కింద రొప్పం

ముద్దనూరులో బస్సు దిగి పులివెందుల దారి వైపు తల తిప్పితే మా కొండ కనబడుతుంది. ఆ ఏడు ఎండాకాలం నడుమ అది కాలింది. మంట ఆరిన తరువాత కొన్నాళ్ళు నల్లగా ఉండింది. ఆ పైన గాలి బూడిదను అటూ ఇటూ తిప్పి తిప్పి దానికి కుంపటి అడుగు రంగు తెచ్చింది. అభయారణ్యం అని రాసిన బోర్డు ఒక్కటి మాత్రం కొండ మొదట్లో నిలబడి ఉండేది. దాని మీద గీసిన జింక బొమ్మకు కాళ్ళు కాలిపోయాయి.

నిప్పు ఎవరు పెట్టారో ఈనాటికీ తెలియదు. గొర్లవాళ్ళని రైతులు అన్నారు, రైతులని గొర్లవాళ్ళు అన్నారు, బీడీ తాగేవాళ్ళని ఇద్దరూ అన్నారు. మోకాలెత్తు బోదగడ్డి ఎండి ఉన్న కొండకు నిప్పు పెట్టడానికి పెద్ద కారణం అక్కరలేదు. పచ్చికొమ్మలు విరుచుకుని పోయి మంటను కొట్టింది చుట్టుపట్ల ఊళ్ళవాళ్ళే. మంట ఆరగానే ఎవరి ఇళ్ళకు వాళ్ళు పోయారు. పని అయిపోయిందనుకున్నాం.

కొండ కాలిన తరువాతే పని మొదలవుతుందని అంతవరకు నాకు తెలియదు. సగం కాలి నిలబడిన మానులను గుర్తు పెట్టి పడగొట్టాలి. దాహానికి ఊరి బావుల దాకా దిగే జంతువులను కనిపెట్టాలి. ఎక్కడ ఏది మళ్ళీ మొలుస్తున్నదో, ఏది మొలవడం లేదో నేల మీద తాళ్ళతో గళ్ళు కట్టి చూడాలి. అన్నిటికంటే ముందు, వాన పడితే ఆ నేల ఏం చేస్తుందో తెలుసుకోవాలి. వీటికి మనుషులు కావాలి. కొండ మొత్తానికి అటవీశాఖలో మిగిలింది ఒక బీటు ఆఫీసరు, మోకాళ్ళ నొప్పులతో రిటైర్మెంటు కోసం ఎదురుచూస్తున్న ఇంకొక గార్డు. వాళ్ళను నేను తప్పు పట్టను. కొండ పెద్దది, వాళ్ళు ఇద్దరు.

ఆ సంగతి అధ్యయనం చేయడానికి కోస్తా వైపు నుంచి ఒక యూనివర్సిటీ మేడం వచ్చింది. ఆమెకు కొండ దారులు తెలిసి, చదువూ రాతా వచ్చిన మనిషి కావాలి. బీటు ఆఫీసరు నన్ను చూపించాడు.

కొండ మొదలు నుంచి వంక దాకా ఉన్న నేల ఒకప్పుడు మాది. మా తాత కాలంలో కక్షలు కొంత తిన్నాయి, మా నాయన కాలంలో కోర్టులు కొంత తిన్నాయి. నా చేతికి వచ్చేటప్పటికి వంక ఒడ్డున ఒక శనగ చేను, దాని పక్కన ఎత్తుగా ఉన్న సమాధుల దిబ్బ మిగిలాయి. ఆ దిబ్బలో మా చిన్నాయనకు సగం పాలు. ఊళ్ళో ఇల్లు పడిపోయింది. నేను ప్రొద్దుటూరులో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటాను. మా వంశంలో ఇంకొకరి దగ్గర జీతం తీసుకున్న మొదటివాణ్ణి నేనే. అందుకని మొదటి రోజు ఇస్త్రీ చొక్కా, తెల్ల పంచెతోనే పనికి పోయాను.

బీటు ఆఫీసరు స్కూటరు ఆపి నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"ఏంది సామీ, కొండకు పోతాండావా, పెండ్లికి పోతాండావా?"

"మా తాత కొండకు పోయినా ఇట్లనే పోయేవాడు."

"మీ తాతకు గుర్రముండె. నీకు నా స్కూటరు వెనక సీటుండాది. ఎక్కు, పంచె చక్రంలో పడకుండా చూసుకో."

ఎక్కాను. మనిషి మంచివాడు. ఎగతాళి లేకుండా మాట్లాడడు, అంతే.

ఒక్క గట్టి వాన లేకుండానే శ్రావణం వచ్చింది. శనగ వేసే దాకా నల్లరేగడి చేలు ఖాళీగా ఉంటాయి కాబట్టి ఆ రోజుల్లో గొర్లమందలు చేలలో రొప్పం కడతాయి. పగలు మేసి వచ్చిన గొర్లను రాత్రి వల చుట్టిన ఆ దొడ్లో పడుకోబెడితే పేడ, మూత్రం నేలకు బలం. మా వైపు మందకు ఒక కట్టుబాటు ఉంది. ఏటా మొదటి రొప్పం మా చేనులో పడాలి. వల కట్టడానికి మొదటి గూటం మా ఇంటి మగవాడు కొట్టాలి. పౌర్ణమికి కొట్టిన ఆ గూటాన్ని అమావాస్యకు అతనే పీకి, గొర్లవాళ్ళకు కడుపునిండా అన్నం పెట్టి పంపాలి. ఆ తరువాతే మంద జమ్మలమడుగు, మైలవరం వైపు చేలకు పోతుంది. నేల పోయింది, పంచాయతీలో మాట పోయింది, ఈ మొదటి గూటం మాత్రం మా ఇంటిదే. దాని కోసం ఊళ్ళో ఇంకొక ఇల్లు కాచుకుని ఉంది. వాళ్ళ గురించి ఇంతకంటే రాయను.

గొర్ల పెద్ద నాకంటే పదేళ్ళు పెద్దవాడు. నేను మామా అంటాను, అతను అప్పా అంటాడు. పౌర్ణమి పొద్దున అతను పసుపు పూసిన చిల్లకర్ర గూటం నా చేతికిచ్చాడు. నేను చేనులో కొట్టాను. అతని భార్య వల విప్పుతూ, గూటం నేలలోకి దిగిన తీరు చూసి, "అప్ప చేతిలో బలం తగ్గలే, చేనే తగ్గింది" అంది. అందరం నవ్వాం. వంక అప్పుడు పొడిగా ఉంది. మందకు ఒక కొసన అతని నీలం పట్టా, దాని కింద పొయ్యి, రెండు బిందెలు, ఈనిన గొర్రెలకు విడిగా చిన్న దొడ్డి.

తరువాత నాలుగైదు రోజులకు మేడం నన్ను వంక పుట్టే చోటికి తీసుకుపోయింది.   ముందు ఆ కొండ ఎక్కితే కవుజు పిట్టలు కాళ్ళ ముందు నుంచి బుర్రున లేచేవి. ఇప్పుడు ఏదీ లేవలేదు. ఒకచోట నా కాలు మోకాలి దాకా నేలలోకి దిగబడింది. వేరు లోపల లోపలే కాలిపోయి, పైన మట్టి మాత్రం మూతలాగా నిలిచింది. కాలు తీస్తే పంచె అంచుకు బూడిద, లోపలి నుంచి ఇంకా కాలిన వాసన. ఇంకొకచోట మేము దాటిపోయిన తరువాత ఒక చండ్రమాను పడింది. గాలి లేదు. ముట్టుకున్నవాడు లేడు.

పైన ఒక వాలు దగ్గర ఆమె బూడిదను చేత్తో పక్కకు నెట్టి, సీసాలో నీళ్ళు కొంచెం మట్టి మీద పోసింది. నీళ్ళు ఇంకలేదు. చేమాకు మీద పోసినట్టు గుండ్రంగా నిలబడ్డాయి. ఆమె చూపుడు వేలితో తోస్తే పూసలాగా దొర్లిపోయాయి.

"చూశారా అండీ. నేల నీళ్ళు తాగట్లేదు."

"ఎండకు గట్టిపడిందేమో."

"గట్టిపడలేదండి, మెత్తగానే ఉంది. ఆకుల్లో ఉండే మైనం మంటకు ఆవిరై మట్టిలోకి దిగింది. లోపల పూతలా పట్టేసింది. ఇప్పుడు గట్టి వాన పడితే ఒక్క చుక్క లోపలికి పోదు. అంతా ఒకేసారి కిందికి దిగుతుంది. నీళ్ళొక్కటే కాదు, ఈ బూడిద, ఈ రాళ్ళు, ఆ మొద్దులు, అన్నీ."

"ఎంత వాన పడితే?"

"అది చెప్పాలంటే ఇక్కడ మనిషి ఉండాలి. ఎంత సేపట్లో ఎంత పడిందో చూసి కిందికి ఫోన్ చేసే మనిషి ఒకరు, వంక దగ్గర నీటి ఎత్తు చూసేవాళ్ళు ఒకరు, ఊళ్ళు తిరిగి చెప్పేవాళ్ళు ఒకరు. ముగ్గురిని అడిగాను. మీరొక్కరే వచ్చారు."

ఆమె లేచి కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని కిందికి చూసింది. కొండ కింద మా వంక ఒక వంపు తిరుగుతుంది. ఆ వంపు లోపల ఒక నీలం చుక్క.

"అది ఎవరిదండీ? సరిగ్గా నీళ్ళు తన్నే చోట ఉన్నారు."

"ఆ చేను నాది" అన్నాను.

 

ఆ మాపటికి చేనుకు పోయాను. గొర్లు మేతనుంచి తిరిగి వస్తున్నాయి. గొర్ల పెద్ద వాటిని దొడ్లోకి తోలుతున్నాడు, భార్య సంగటి కెలుకుతున్నది. మేడం చెప్పింది నాకు వచ్చిన మాటల్లో చెప్పాను.

"ఈడ మంద ఉండగూడదు మామా. వంకకు నీళ్లొస్తాయి."

ఆమె పొయ్యి దగ్గర నుంచే అంది. "వంకకు నీళ్లు రాక పాలొస్తాయా?"

"ఎప్పుడూ వచ్చే నీళ్లు కాదత్తా. కొండ మీద నేల నీళ్లు తాగడం లేదు. నేను కండ్లారా చూసినా."

"సర్కారు జీతగాడైనాంక అప్ప నోట్లో నేల గూడా మాట్లాడతాంది."

"నువ్వు రోంత గమ్మునుండు" అని భర్త ఆమెను ఆపాడు. ఆ పైన నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "గూటం పీకుతావా అప్పా?"

 అతను ఎందుకు గొంతు తగ్గించాడో నాకు తెలుసు. అమావాస్య రాకముందే మొదటి గూటం పీకి మందను పంపితే, మా వైపు దానికి ఒకటే అర్థం. మందలో రోగం కనబడిందని. చెప్పనక్కరలేదు, రాయనక్కరలేదు, పీకితే చాలు. ఆ ఏడు ఏ రైతూ ఆ మందను తన చేనులోకి రానివ్వడు. మా తాత ఒకసారి నిజంగానే గొర్లకు బొబ్బలు పుట్టినందుకు పీకాడట. ఆ మంద పులివెందుల దాటి పోయి మళ్ళీ మా వైపు రాలేదు. గొర్లు బాగైనాయని కబురు వచ్చినా ఎవరూ పిలవలేదు.

"జమ్మలమడుగు కాడ రైతులు మాట్లాడుకోని ఉండారు" అన్నాడతను. "మైలవరం కాడ ఇంకొకాయన ఉండాడు. నువ్వు పీకినావని తెలిస్తే ఒక్కడు రానీడు. గడ్డి యాడుంది అప్పా ఇప్పుడు? కొండ కాలిపాయ. ఈ చేలు తప్ప నా గొర్లకు నిలబడే తావు లేదు. వాన వస్తాదో రాదో దేవునికి తెలుసు. నువ్వు గూటం పీకితే నా మంద పోయేది మాత్రం నాకు తెలుసు."

"నీళ్లొస్తే మనుషులే పోతారు మామా."

"నా తావన ఉండి ఆలోచన చెయ్యి అప్పా. కొండ మీద ఉండి కాదు."

అతని మాటలో తప్పు లేదు.  అప్పుడు అతనే అన్నాడు, నేల చూస్తూ.

"పీకి ఇంకొక తావ కొట్టొచ్చు. నీ నేలలోనే. గూటం మారితే ఎవరూ ఏమీ అనరు. పోతేనే అంటారు."

"నాకింకొక నేల యాడిది?"

అడిగిన తరువాత ఇద్దరి చూపూ ఒక్క చోటికే పోయింది. చేనుకు పక్కన, వంకకు ఎత్తుగా, నాపరాళ్ళు పరిచిన దిబ్బ. మా తాత, నాయనను కన్న జేజి, మా నాయన, మా అమ్మ, ఇంకా పేర్లు చెరిగిపోయినవాళ్ళు. అతను వెంటనే చూపు తిప్పుకున్నాడు. అటు చూసినందుకు తప్పు జరిగినట్టు చెంపలు వేసుకున్నాడు కూడా.

మరునాడు జమ్మలమడుగులో మా చిన్నాయన ఇంటికి పోయాను. నాయన తమ్ముళ్ళలో మిగిలింది ఆయన ఒక్కడే. ఎనభై దాటినా నడుం వంగలేదు. మడతమంచం మీద కూర్చుని ఉన్నాడు. విషయం అంతా విన్నాడు. నేను ముగించిన తరువాత ఊతకర్ర ఒక చేతి నుంచి ఇంకొక చేతికి మార్చుకున్నాడు.

"రేయ్, మీ నాయన మీద గొర్లు ఉచ్చ పోస్తాంటే చూస్తా నిలబడతావా?"

"నిలబడతా చిన్నాయనా."

"మా అమ్మ ఉండాది ఆడ."

"తెలుసు."

"తెలిసే అడగనీకి వచ్చినావు."

"అడగనీకి రాలేదు. చెప్పిపోదామని వచ్చినా."

ఆయన వీధి వైపు తిరిగాడు. "ఎవరో పిల్ల నాలుగు చుక్కలు నీళ్లు పోసి చూపిస్తే, నువ్వు మన పెద్దోళ్లను గొర్ల కాళ్ల కిందికి తోస్తాండావు. వాన రాకపోతే?"

"రాకపోతే మనకు నామోషీ. వస్తే వాళ్లకు చావు."

"నామోషీ చిన్నదని ఎవరు చెప్పినారు నీకు?"

 చిన్నదని నేనూ అనుకోను.

"కాఫీ తాగి పో" అన్నాడు. "ఇంటికి వచ్చినోన్ని కాఫీ లేకుండా పంపే ఇల్లు కాదిది. మళ్లా రావొద్దు."

కాఫీ తాగాను. చక్కెర సరిగ్గానే వేశారు. గ్లాసు కింద పెట్టి లేచి వచ్చేశాను.

ఆ మాపటేల గూటం పీకి దిబ్బ మీద కొట్టాను. నాపరాళ్ళ సందులో మట్టి ఉన్న చోటు వెతికి కొట్టాల్సి వచ్చింది. గొర్లు మొదట ఎక్కలేదు. గొర్ల పెద్ద కూడా తోలలేక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చివరికి నేనే ముందుండే పొట్టేలును చెవి పట్టుకుని మా నాయన సమాధి పక్కగా నడిపించాను. దాని వెనక తక్కినవి ఎక్కాయి. మనుషులు కట్టిన హద్దు వాటికి తెలియదు. ఎక్కడ చల్లగా ఉంటే అక్కడ పడుకున్నాయి, నాపరాళ్ళు చల్లగా ఉన్నాయి.

వాన రాలేదు. ముద్దనూరు హోటల్లో టీ తాగుతుంటే వెనక బెంచీ నుంచి మాటలు వినబడేవి.

"చేనుకు ఎరువు చాలక సమాధులకు వేస్తాండారంట."

"ఈ ఏడు ఆడ శనగలు బాగా కాస్తాయి. పెద్దోళ్లే పండిస్తారు."

నేను వెనక్కి తిరగలేదు. టీ పూర్తిగా తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, నడిచి వచ్చాను. మా తాత నడిచే ఆ నడక మాత్రం నాకు ఎవరూ నేర్పకుండానే వచ్చింది.

ఆ వారంలోనే బీటు ఆఫీసరును ఇంకొక కొండకు పంపారు. అక్కడ కూడా కాలింది, అక్కడ కూడా మనుషులు లేరు. మోకాళ్ళ గార్డు సెలవు పెట్టాడు. మేడం పాఠాలు చెప్పడానికి యూనివర్సిటీకి తిరిగి పోవాల్సి వచ్చింది. పోయే ముందు వాన కొలిచే డబ్బా ఎట్లా చూడాలో, ఏ గీత దాటితే ఎవరికి ఫోన్ చేయాలో మళ్ళీ మళ్ళీ చెప్పింది. "ఒక్కరే అయిపోయారండి" అంది. క్షమాపణ చెబుతున్నట్టుగా అంది. నేను "మాకు అలవాటే" అన్నాను.

ఆ పైన ప్రతిరోజూ ఒంటరిగా కొండ ఎక్కేవాణ్ణి. ఒకసారి సన్నని తుంపర పడింది. డబ్బా అడుగు కూడా సరిగ్గా తడవలేదు. అయినా వంక పుట్టే చోట వేలి లావు నల్లటి నీరు జరజరా దిగి పోయింది. ఆ తుంపరకు మామూలు కొండ దుమ్ము కూడా కదలనివ్వదు. అది చూసిన తరువాత నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. పగలు పైన కూర్చుంటే ఎక్కడో రాయి ఒక్కటి కదిలి, కొంచెం దూరం దొర్లి ఆగేది. మళ్ళీ నిశ్శబ్దం. మళ్ళీ ఇంకొక వైపు ఇంకొకటి. పట్టుకునే వేళ్ళు లేక అవి తమంతట తాము వదిలేస్తున్నాయి. చప్పుడైన వైపు చూసేటప్పటికి ఏదీ కదిలినట్టు ఉండదు.

కింద గొర్ల పెద్దకు ఓపిక తగ్గుతున్నది. దిబ్బ దగ్గర నీళ్ళు లేవు, మేత లేదు. పగలు మందను మళ్ళీ వంకలోకే తోలుతున్నాడు. కాలిన కొండ చుట్టుపక్కల పచ్చగా ఉన్నది వంక పల్లం ఒక్కటే. రాత్రికి దిబ్బ మీదికి రావడమే నాకోసం చేస్తున్న పెద్ద ఉపకారమన్నట్టు ఉండేవాడు.

"పగులు గూడా వస్తాదా నీ వాన?" అని అతని భార్య అడిగింది ఒకరోజు.

"వానకు పగులేంది, రేయేంది అత్తా."

"అట్లయితే మా గొర్లు గాలి మేసి బతకాల. నువ్వు మీ మేడాన్ని అడిగి చూడు, గాలి మేసే గొర్లు యాడన్నా ఉండాయేమో."

ఆ వాన పగలే వచ్చింది. మధ్యాహ్నం దాటిన తరువాత పులివెందుల వైపు నుంచి ఒక మబ్బు లేచింది. పెద్ద మబ్బు కాదు. థర్మల్ ఫ్యాక్టరీ పొగగొట్టాల వైపు ఆకాశం తేటగానే ఉంది, మైలవరం వైపు ఎండ కాస్తున్నది. ఒక్క మా కొండ మీద మాత్రం వెలుగు పోయింది. ఉరుము లేదు. గాలి ఆగిపోయింది. బూడిద వాసన, చల్లబడిన పొయ్యిలో నీళ్ళు పోసినప్పుడు లేచే వాసన, ముందు వచ్చింది. ఆ తరువాత చుక్కలు.

డబ్బాలో నీళ్ళు గీత వైపు లేవడం చూస్తూ ఫోన్ చేశాను. గొర్ల పెద్ద ఎత్తలేదు. అతని భార్య ఎత్తింది.

"మామ యాడ?"

"మందతో పోయినాడు. వంకలో."

"దిబ్బ మీదికి రమ్మను. ఇప్పుడే."

"ఈడ చినుకు గూడా లేదే."

"అత్తా, నేను వాన కింద ఉండా. గీత దాటింది. నువ్వు పోయి పిలువు. గొర్లు నీ గొంతుకు వస్తాయి."

  ఆ పైన ఫోన్ కింద పడిన చప్పుడు, చెప్పులు లేని కాళ్ళు పరిగెత్తుతున్న చప్పుడు, దూరమవుతున్న ఆమె కేక. మందను పిలిచే కేక. లైను తెగిపోయింది.

నీళ్ళు వస్తాయని చెప్పింది మేడం. నేను చూసింది నీళ్ళు కాదు. వాలు మొత్తం ఒక్కసారి నల్లగా జారడం మొదలుపెట్టింది. ఎక్కడికక్కడ సన్నని దారాలుగా వచ్చి, కింద కలిసి, చిక్కని గంజిలాగా, దాని మీద మొద్దులు నిలువుగా, అడ్డంగా. రాళ్ళు దొర్లే చప్పుడు బండ్లు పోయినట్టు ఉంది. నేను నిలబడిన బండ అదురుతున్నది. కిందికి దిగే దారి లేకుండా పోయింది. వాన ఆగేదాకా ఆ బండ మీదే నిలబడ్డాను. మబ్బు వచ్చినంత త్వరగానే పోయింది. ఆ తరువాత కూడా చాలాసేపు చప్పుడు ఆగలేదు.

చుట్టు తిరిగి వంక ఒడ్డుకు చేరేటప్పటికి పొద్దు వాలింది. అవతలికి దాటే వీలు లేదు. నా చేను కనబడలేదు. చేను ఉన్న చోట మనిషెత్తు రాళ్ళు, కాలిన మానులు, వాటి నడుమ నల్లటి బురద ఇంకా మెల్లగా కదులుతున్నది. మొదట రొప్పం కట్టిన చోటు, నీలం పట్టా వేసిన చోటు, ఏది ఎక్కడో గుర్తుపట్టలేకపోయాను.

దిబ్బ నిలబడి ఉంది. దాని మీద గొర్లు ఒకదానికొకటి ఒరుసుకుని నిలబడి ఉన్నాయి. సమాధుల మీద, సమాధుల నడుమ, కాలు పెట్టే సందు లేకుండా. వాటి నడుమ ఇద్దరు మనుషులు. ఇద్దరినీ చూసుకున్నాను. అవతలి నుంచి గొర్ల పెద్ద చెయ్యి ఎత్తాడు. అతని భార్య ఎత్తలేదు. ఆమె ఒడిలో ఏదో ఉంది. వెనకబడిన ఈనిన గొర్రెలు, వాటి పిల్లలు రాలేదని మరునాడు తెలిసింది. ఆమె ఒడిలో ఉన్నది మిగిలిన ఒక్క పిల్ల.

పొద్దున నీళ్ళు తగ్గిన తరువాత బురదలో నడిచి దిబ్బకు చేరాను. ఎవరు చెప్పారో ఏమో, జమ్మలమడుగు నుంచి ఆటోలో మా చిన్నాయన వచ్చాడు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బురద దాటాడు. పైకి వచ్చి, తన తల్లి సమాధి మీద పడుకున్న గొర్రెను చూశాడు. దాని ముందరి కాలికి దెబ్బ తగిలింది. ఆయన దాన్ని లేపలేదు. కర్ర ఆనించుకుని ఆ నాపరాయి అంచునే కూర్చున్నాడు.

"ఆ పిల్లకు పాలుండాయా?" అని ఆమెను అడిగాడు.

"దానమ్మ పోయింది సామీ. ఇంకొకదాని కింద విడిచి చూస్తాండా."

తల ఊపాడు. ఆ పైన నా వైపు చూడకుండా, వంక వైపు కర్ర చూపించాడు. అప్పుడు చూశాను. దిబ్బకు వంక వైపు అంచు నిలువుగా కోసుకుపోయింది. రెండు సమాధుల కింద మట్టి లేదు. నాపరాళ్ళు గాలిలో నిలబడి ఉన్నాయి. మేము మాట్లాడుతుండగానే ఇంత మట్టి పెళ్ళ విరిగి బురదలో పడింది.

మేడానికి ఫోన్ చేసి చెప్పాను.  "పైన వదులైంది ఇంకా చాలా ఉందండి. వచ్చింది కొంచెమే. రెండోసారి తక్కువ వానకే కదులుతుంది. అక్కడ ఎవరూ ఉండకూడదు" అంది. పైన డబ్బా దగ్గరికి ఎవరినైనా పంపగలరా అని అడిగాను. ఆఫీసుకు మాట్లాడుతున్నానంది. గొంతులోనే తెలిసింది, ఎవరూ లేరని.

గొర్ల పెద్ద గూటం దగ్గర కూర్చుని ఉన్నాడు. నేను దగ్గరికి పోయాను. పీకాలి. పీకితే మంద వెళ్ళిపోగలదు. అమావాస్య ఇంకా రాలేదు. పీకింది నేనైతే, ఎందుకు పీకానో ఎన్ని ఊళ్ళకు తిరిగి చెబుతాను. వరదను అందరూ చూస్తారు. మందలో చచ్చిన గొర్లను కూడా చూస్తారు. నిన్న చచ్చినవి దేనికి చచ్చాయో ఎవరికి నచ్చినట్టు వాళ్ళు చెప్పుకుంటారు.  ఇద్దరం ఆ గూటాన్నే చూస్తూ ఉన్నాం.

"ఏంది చూస్తాండారు?" అంది అతని భార్య.



ఆమె ఒడిలోని పిల్లను మా చిన్నాయన చేతుల్లో పెట్టింది. ఆయన తీసుకున్నాడు. ఆమె వచ్చి, వంగి, రెండు చేతులతో గూటం పట్టుకుని అటూ ఇటూ ఊపి, బురద నేలలోంచి పైకి లాగి పారేసింది. మా ఇంటి మగవాళ్ళు తప్ప ఇంకొకరు ముట్టని గూటం. నేను ఏమీ అనలేదు. మా చిన్నాయన కూడా అనలేదు. ఆమె భర్త మాత్రం తల పట్టుకుని, "ఎంత పని చేసినావే. ఇంక మనల్ని ఎవరు రానిస్తారు?" అన్నాడు.

"రానీకుంటే రోడ్డు మింద పండుకుంటాం. రోడ్డు కొట్టకపోదు గదా. లెయ్."

వల చుట్టుకున్నారు. మిగిలిన బిందె ఒక్కటి ఆమె నెత్తికెత్తుకుంది. చిన్నాయన పిల్లను తిరిగి ఇచ్చి, "మైలవరం వైపు పోండి. నా పేరు చెప్పండి" అన్నాడు. ఆ పేరుకు అక్కడ ఇప్పుడు ఏమి విలువుందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. గొర్ల పెద్ద మాత్రం "చెప్తాం సామీ" అని చేతులు జోడించాడు. మంద దిబ్బ దిగి, వంకకు దూరంగా, తారు రోడ్డు వైపు నడిచింది. చిన్నాయనను ఆటో ఎక్కించాను. 

రెండోసారి ఇంకా ఎక్కువ దిగుతుందని కిందున్న రెండు ఊళ్ళలో ఎవరికీ తెలియదు. వాళ్ళ చేలలో అప్పటికే మనుషులు పని చేసుకుంటున్నారు. పులివెందుల వైపు ఆకాశం అంచున మళ్ళీ సన్నగా నల్లబడుతున్నది. డబ్బాలో గీత చూసి ఆ ఊళ్ళకు ఫోన్ చేయడానికి పైన ఎవరూ లేరు. పంచె పైకి కట్టుకుని కొండ వైపు నడిచాను.